జవాబు బటన్ ఎప్పుడు తెరుచుకోవాలి?

ప్రతి సెప్టెంబరు 5న మన బడుల్లో ఎవరో ఒకరు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తిరుత్తణి వైపు తెలుగు కుటుంబంలో పుట్టారు. మన వేలూరు ఊరీస్ కాలేజీలో చదివి, అక్కడి నుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళారు. చేతిలో డబ్బుకు ఇబ్బంది. అదే కాలేజీలో చదువు ముగించిన ఒక బంధువు తన పాత తత్వశాస్త్రం పుస్తకాలు ఆయనకు ఇచ్చాడు. పుస్తకాలు కొనే పని తప్పింది, తత్వశాస్త్రమే తీసుకున్నారు. తర్వాత సంగతి దేశానికంతా తెలుసు.

ఈ కథ చెప్పేవాళ్ళు పేదరికాన్ని జయించడం గురించి చెప్పి ముగిస్తారు. నాకు మాత్రం ఆ బంధువు మీదికే ధ్యాస పోతుంది. చదవడం అయిపోయాక ఆ పుస్తకాలు ఆయనవే, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడు యూనివర్సిటీ లెక్కల పుస్తకాలు ఒక్కొక్కటిగా ఇంటర్నెట్‌లోకి పోతున్నాయి. వాటిలో కొన్ని మనం ఏదైనా రాస్తే బదులు పలుకుతాయి, తప్పయితే తప్పంటాయి, అడిగితే జవాబు చూపిస్తాయి. ఇంటరాక్టివ్ పుస్తకం అంటున్నారు. అలాంటి పుస్తకం తయారు చేసేవాడు దాన్ని చదివేవాడికి ఏమేం బాకీ పడతాడు? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే.

ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా పెదనాన్న కొడుకు ఒక కాలేజీలో లెక్కల లెక్చరరు. బి.ఎస్సీ. మొదటి సంవత్సరం వాళ్ళకు కలనగణితం చెబుతాడు. మన ప్లస్ టూలో వచ్చే అవకలనం, సమాకలనం దానికి మొదటి మెట్లు. పోయిన ఏడాది నుంచి అన్న ఆ పాఠాలనే ఆన్‌లైన్ పుస్తకంగా రాస్తున్నాడు. "నీకు అర్థమైతే మా పిల్లలకు తప్పకుండా అర్థమవుతుంది" అని ఒక్కో అధ్యాయం నాకు పంపుతుంటాడు. అందువల్ల పంక్తిలో కూర్చున్నవాళ్ళకు కనపడని వంటిల్లు నాకు కొంచెం కనపడింది.

అలాంటి పుస్తకం ఎలా తయారవుతుందో ముందు చెబుతాను. రచయిత ఒక మామూలు ఫైలులో రాసుకుంటూ పోతాడు. ఇది నిర్వచనం, ఇది సిద్ధాంతం, ఇది నిరూపణ, ఇది అభ్యాసం అని దేనికి దానికి గుర్తు పెడతాడు. అక్షరం ఎంత పెద్దది, రంగేమిటి అని అప్పుడు చూసుకోడు. ఆ ఒక్క ఫైలు నుంచే ఫోన్‌లో చదివే పేజీ వస్తుంది, అచ్చుకు పంపే పి.డి.ఎఫ్. కూడా వస్తుంది. ఈ పద్ధతి పేరు ప్రీటెక్స్ట్. అమెరికాలో ప్యుజెట్ సౌండ్ యూనివర్సిటీ లెక్కల ప్రొఫెసర్ రాబర్ట్ బీజర్ మొదలుపెట్టాడు. రేఖీయ బీజగణితం మీద ఆయన రాసిన పాఠ్యపుస్తకాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చి వాడుకోవచ్చు అని లైసెన్సుతో సహా ఊరికే ఇచ్చాడు. జరిపి చూసే గ్రాఫులకు జియోజీబ్రా ఉంది. దాన్ని 2001లో ఆస్ట్రియాలోని జాల్జ్‌బర్గ్‌లో మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి తన పీజీ చదువులో భాగంగా మొదలుపెట్టాడు. విద్యార్థి రాసిన జవాబును దిద్దే పనికి వెబ్‌వర్క్ అనేది ఉంది. అది 1990ల్లో రోచెస్టర్ యూనివర్సిటీలో ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు తయారు చేసింది. ఇవన్నీ డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. మన దేశంలో ఐఐటీలూ, బెంగుళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్.పి.టి.ఇ.ఎల్. వీడియో పాఠాలు కూడా ఉచితమే, చాలా మంచివి. కాకపోతే వీడియో మాట్లాడుతుంది, వినదు.

అలా గుర్తులు పెట్టి రాయడంలో ఒక మేలు ఉంది, నేను ముందు ఊహించలేదు. భిన్నాన్నీ, వర్గమూలాన్నీ, సమాకలనం గుర్తునూ బొమ్మలుగా అతికిస్తే చూపు లేని విద్యార్థికి అక్కడ ఏమీ లేనట్టే. చదివి వినిపించే సాఫ్ట్‌వేరు బొమ్మను దాటి పోతుంది. అర్థాన్ని బట్టి రాసిన ఫైలు నుంచి లెక్కల బ్రెయిలీ తీయొచ్చు, ప్రీటెక్స్ట్‌తో ఆ పని చేస్తున్నారు. క్లాసులో చూపు లేనివాడు ఒక్కడుండొచ్చు, ఏ ఏడాదీ ఉండకపోవచ్చు కూడా. అయినా ఆ ఒక్కడు వచ్చినప్పుడు పుస్తకం సిద్ధంగా ఉంటుంది.

ఇక అన్న పుస్తకంలో నాకు బాగా నచ్చిన పేజీ. కావేరిపాక్కం చెరువు మనకు తెలియనిదా! పల్లవుల నాటిది, తమిళనాడులోని పెద్ద చెరువుల్లో ఒకటి, పాలారు ఆనకట్ట నుంచి కాలువలో నీళ్ళొస్తాయి. నిండితే మొరవ పారుతుంది. సమాకలనం అధ్యాయానికి అన్న ఈ చెరువునే పట్టుకున్నాడు. పేజీలో ఒక గీత, గీత మీద ఒక చుక్క. చుక్కను వేలితో పైకి జరిపితే నీటిమట్టం లేస్తుంది, నీళ్ళు పరుచుకున్న మేర పెరుగుతుంది, పక్కన మొత్తం నీళ్ళ అంకె మారుతుంది. మట్టం గోరంత లేచిందనుకోండి. ఆ గోరంత మందాన్ని అప్పుడు నీళ్ళు పరుచుకుని ఉన్న వైశాల్యంతో గుణిస్తే కొత్తగా చేరిన నీళ్ళెన్నో వస్తుంది. అలాంటి పల్చటి పొరలన్నిటినీ అడుగు నుంచి పైదాకా కూడితే మొత్తం చెరువు. సమాకలనం అంటే ఆ కూడికే. పుస్తకంలో పాము మెలికలా ఉండే ఆ గుర్తును చూసి భయపడేవాళ్ళకు ఈ పేజీ చూపించాలి.

అక్కడి మొదటి అభ్యాసంలో లెక్క సులువుగా ఉండేందుకు చెరువును గరాటు ఆకారంలో, అంటే తలకిందులు చేసిన శంకువులా ఉందనుకోమంటాడు. నీటిమట్టం సగం లోతుకు దిగినప్పుడు నిండు చెరువులో ఎన్నో వంతు నీళ్ళు మిగిలి ఉంటాయి? ఇంట్లో అందరినీ అడిగి చూశాను. అమ్మ "సగం" అంది. నాన్న కొంచెం ఆలోచించి "పావు" అన్నాడు. సేద్యం చేసిన తాత మాత్రం "మట్టం సగానికొస్తే చెరువు అయిపోయినట్టే లెక్క" అన్నాడు. తాతే దగ్గరికొచ్చాడు. జవాబు ఎనిమిదో వంతు. లోతు సగమైతే నీళ్ళ పొడవూ సగమవుతుంది, వెడల్పూ సగమవుతుంది. సగంలో సగం, మళ్ళీ అందులో సగం. అసలు చెరువు గరాటులా ఉండదు, పళ్ళెంలా పరుచుకుని ఉంటుంది. కాబట్టి అంకె మారుతుంది, దారి మారదు.

చుక్కను సగానికి జరిపితే ఎనిమిదో వంతు అని తెర మీదే కనపడుతుంది. ఎందుకో కనపడదు. అంకె కనపడిన సంతోషంలో ఎందుకు అని అడగాలని కూడా తోచదు. అభ్యాసం కింద 'జవాబు' అని ఒక బటన్. నొక్కితే లెక్క మొత్తం వరసగా విప్పుకుంటుంది. ఆ బటన్ ఉండాలా వద్దా అన్న దాని మీద ఒక ఆదివారం పెదనాన్న ఇంట్లో పెద్ద వాదన జరిగింది.

పెద్దమ్మ ముప్పై ఏళ్ళు ఎలిమెంటరీ బడిలో చెప్పి రిటైరయింది. ఆమె మాట: "అడక్కముందే చెప్పేస్తే పిల్లకాయలు నేర్చుకునేదెప్పుడురా? ఆకలి కాకముందు పెట్టిన అన్నం ఒంటికి పట్టదు."

అన్న అన్నాడు: "అమ్మా, నా క్లాసులో చాలామందికి ఇంట్లో ఈ లెక్క అడగడానికి ఎవరూ లేరు. రాత్రి పదకొండింటికి ఒక చోట ఆగిపోతే అంతే. ట్యూషన్‌కు పోయేవాడికి చెప్పే మనిషున్నాడు. నేను బటన్ తీసేస్తే నష్టపోయేది ఎవరు?"

ఇద్దరి మాటా నిజమే. ఇద్దరి మాటా నిజమైనప్పుడే ఆలోచించే పని మొదలవుతుంది.

పెద్దమ్మ వైపు ఒక పాత సాక్షి ఉన్నాడు. గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'మెనో' అనే సంభాషణలో సోక్రటీసు ఒక బానిస కుర్రాణ్ణి పిలుస్తాడు. వాడికి లెక్కలు ఎవరూ నేర్పలేదు. నేల మీద రెండడుగుల భుజంతో చతురస్రం గీసి, దీనికి రెట్టింపు వైశాల్యం కావాలంటే భుజం ఎంతుండాలి అని అడుగుతాడు. భుజం కూడా రెట్టింపు చేస్తే సరి, నాలుగడుగులు అంటాడు కుర్రాడు. గీసి చూస్తే వైశాల్యం నాలుగింతలైంది. మూడడుగులంటాడు. తొమ్మిదొచ్చింది, కావలసింది ఎనిమిది. చివరికి నాకు తెలియదంటాడు. ఆ తెలియదన్న చోటికి రావడం వల్ల వీడికి నష్టమేమీ జరగలేదు, మేలే జరిగింది అంటాడు సోక్రటీసు. తర్వాత మళ్ళీ ప్రశ్నలే వేస్తూ, మొదటి చతురస్రం కర్ణం మీద కొత్త చతురస్రం గీస్తే సరిపోతుందని కుర్రాడే ఒప్పుకునే దాకా తీసుకెళతాడు. ఇంకో మాట కూడా అంటాడు. ఇప్పుడు వీడికి తెలిసింది కలలో తెలిసినట్టుంది, ఇవే ప్రశ్నలు రకరకాలుగా పదేపదే అడిగితే అది నిజమైన జ్ఞానమవుతుంది అని. చుక్క జరిపి ఎనిమిదో వంతు చూసినవాడికి కూడా సరిగ్గా అలా కలలో తెలిసినట్టే తెలుస్తుంది. (సోక్రటీసు అంత చక్కగా పాఠం చెప్పాడు. పాఠం అయ్యాక కుర్రాడు మళ్ళీ బానిసే. వాడి పేరు కూడా ప్లేటో రాయలేదు. చదివినప్పుడల్లా నాకు అదొక్కటి గుచ్చుకుంటుంది.)

పెద్దమ్మకు ఇంకా దగ్గరి సాక్షి కుంభకోణంలో ఉన్నాడు. శ్రీనివాస రామానుజన్‌కు 1903లో, హైస్కూలు వయసులో, కార్ అనే ఇంగ్లీషాయన రాసిన ఒక లావు పుస్తకం అరువుగా దొరికింది. కార్ లండన్‌లో పరీక్షలకు ట్యూషన్ చెప్పేవాడు. ఆ పుస్తకంలో సుమారు 5,000 ఫలితాలు వరసగా ఉంటాయి, నిరూపణలు చాలా కొద్ది. అంటే బటన్ అసలే లేని పుస్తకం. రామానుజన్ ఒక్కొక్క ఫలితం ఎందుకు నిజమో తానే పలక మీద రాసుకుని తేల్చుకున్నాడు. కాగితం ఖరీదు కాబట్టి పలక. రాయడం, మోచేత్తో తుడవడం, తేలినదాన్ని నోటుబుక్కులోకి ఎక్కించడం. పుస్తకం దాచిపెట్టినదాన్ని వెతుక్కుంటూ పోయి, పుస్తకంలో లేనిచోటికి చేరాడు.

ఇక్కడితో ఆపేస్తే పెద్దమ్మ గెలిచినట్టే. రామానుజన్ కథకు రెండో సగం ఉంది, దాన్ని మనం పండగ రోజున చెప్పుకోం. కార్ పుస్తకం చదివినవాడికి నిరూపణ అంటే ఏమిటో పూర్తిగా పట్టుబడలేదు. తాను తేల్చినవాటిలో కొన్ని తప్పు. కొన్ని అప్పటికే ఐరోపాలో ఎవరో తేల్చినవి. అది తప్పనీ, అది పాతదనీ చెప్పే మనిషి ఆయన పక్కన లేడు. లెక్కల్లో మునిగి మిగతా సబ్జెక్టులు వదిలేసి ఎఫ్.ఏ. తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉంటూ 1913 జనవరిలో కేంబ్రిడ్జిలో హార్డీకి ఉత్తరం రాసిన తర్వాతే, చేసినదాన్ని చూసి బదులు పలికే మనిషి దొరికాడు. బదులు పలికే పుస్తకం అప్పుడు లేదు. బదులు రావడానికి ఓడలో ఉత్తరం వెళ్ళి, ఓడలో ఉత్తరం రావాలి. రామానుజన్ అంతటివాడికే పదేళ్ళు ఆ బదులు కోసం పట్టింది. మామూలు పిల్లవాడి సంగతేమిటి? జవాబు దాచడమే చదువు అనేవాళ్ళు, అలా దాచినప్పుడు రామానుజన్ కానివాళ్ళు ఎంతమంది పుస్తకం మూసి లేచిపోయారో లెక్కపెట్టరు.

అందుకని నాకు తోచింది చెబుతాను. లెక్కకూ జవాబుకూ మధ్య ఉండే సమయం చదివేవాడిది. దాన్ని పుస్తకం లాక్కోకూడదు. అడక్కముందే జవాబు పెట్టడం అలా లాక్కోవడమే. అయితే అడగడానికి మనిషి లేని పిల్లను ఆ సమయంలో ఒంటరిగా వదిలేయడం కూడా న్యాయం కాదు. ఎందుకంటే అలా ఒంటరయ్యేది అందరూ కాదు. డబ్బున్నవాళ్ళు చెప్పే మనిషిని కొనుక్కుంటారు. దాచిన జవాబు అందరికీ ఒకేలా దాగి ఉండదు. క్రమశిక్షణ పేరుతో పెట్టిన తాళం కొందరి తలుపుకే పడుతుంది.

రెండిటికీ నడుమ ఒక దారి ఉంది. అది కష్టమైన దారి, కష్టం రాసేవాడి మీద పడుతుంది. జవాబుకు ముందు సూచనలు పెట్టాలి. ఒక్కొక్క సూచనా ఒక ప్రశ్న అయి ఉండాలి. చెరువు లెక్కలో మొదటి సూచన: మట్టం సగమైనప్పుడు పైన నీళ్ళ వెడల్పు ఎంత? రెండోది: మరి ఆ నీళ్ళ పైభాగం వైశాల్యం ఎన్నో వంతు? మూడోది: ఇప్పుడు లోతును కూడా కలుపుకుంటే? ఇంతవరకూ వచ్చినవాడికి జవాబు బటన్ నొక్కే అవసరం చాలాసార్లు ఉండదు. ఉంటే నొక్కనివ్వాలి.

తప్పు జవాబుకు కూడా మర్యాద చేయాలి. అమ్మ చెప్పిన సగమూ, నాన్న చెప్పిన పావూ రెండూ తప్పే, కానీ ఒకే తప్పు కాదు. అమ్మ లోతును మాత్రమే చూసింది. నాన్న లోతుతో పాటు ఇంకో దిక్కును కూడా చూసి, మూడో దిక్కును మరిచాడు. ఇద్దరికీ ఒకే ఎర్ర గుర్తు వేసి 'తప్పు' అని చూపించే పుస్తకం ఇద్దరి మాటా వినలేదన్నమాట. పావు అన్నవాడికి "నువ్వు రెండు దిక్కులు చూశావు, మూడోది ఏది?" అనాలి. అలా అనాలంటే ఎవరు ఎక్కడ ఎలా తప్పుతారో రాసేవాడు ముందే ఊహించాలి. ఒక లెక్కకు జవాబు రాయడానికి అయిదు నిమిషాలు చాలు, మంచి సూచనలు రాయడానికి ఒక సాయంత్రం పోతుంది అన్నాడు అన్న. అధ్యాయానికి నలభై లెక్కలు. బాకీ అని నేను మొదట అన్నది ఈ సాయంత్రాల గురించే.

కాపీ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మన క్లాసువాళ్ళు నవ్వుతారు. వెబ్‌వర్క్‌లో ఒక తమాషా ఉంది. లెక్క ఒకటే అయినా ఒక్కో విద్యార్థికి అంకెలు వేరుగా వస్తాయి. పక్కవాడి జవాబు ఎత్తి రాస్తే నీది తప్పవుతుంది. పక్కవాణ్ణి అడిగి లాభం పొందాలంటే ఎలా చేశావని అడగాలి, వాడు దారి చెప్పాలి. కాపీని ఆపడానికి పెట్టిన ఏర్పాటు స్నేహితులకు పాఠం చెప్పుకునే పని పెట్టింది. ఇది నాకు చాలా ఇష్టమైంది.

ఇష్టం లేనిది కూడా ఒకటుంది. ఇలాంటి పుస్తకాల్లో కొన్ని ఎవరు ఏ పేజీ ఎంతసేపు తెరిచారో, ఎన్ని సూచనలు తీసుకున్నారో, ఎన్నిసార్లు తప్పు రాశారో పట్టీ వేసి టీచరుకు చూపించగలవు. టీచరుకు ఉపయోగమే. క్లాసులో అందరూ ఒకే చోట ఆగిపోతున్నారంటే ఆ పాఠం మళ్ళీ చెప్పాలని తెలుస్తుంది. కానీ పలక మీద రాసి తుడిచేసిన తప్పులు రామానుజన్‌వి, వాటిని ఎవరూ చూడలేదు. తప్పు చేయడానికి ఒక చాటు కావాలి. నా మూడు తప్పులూ పేరుతో సహా నమోదవుతున్నాయని తెలిస్తే, మొదటి ప్రయత్నం నేను పుస్తకంలో చేయను. ముందు వేరే చోట జవాబు సంపాదించుకుని వచ్చి రాస్తాను. అప్పుడు పుస్తకం అబద్ధాన్ని నమోదు చేసినట్టవుతుంది. అన్న దగ్గర వాదించి ఒక మార్పు చేయించాను. సూచనల లెక్క పేర్లు లేకుండా క్లాసు మొత్తానికి కలిపి మాత్రమే కనపడుతుంది.

పుస్తకాలు చేతులు మారడం గురించి మొదట చెప్పాను కదా. అమెరికాలో కొన్ని పెద్ద ప్రచురణ సంస్థలు లెక్కల హోంవర్కును కోడ్‌తో అమ్ముతాయి. ఒక కోడ్ ఒక్క విద్యార్థికే, అదీ కొంతకాలానికే. గడువు ముగిస్తే తలుపు మూసుకుంటుంది. పాత పుస్తకాల అంగడికి అమ్మడానికి గానీ, చెల్లెలికి ఇవ్వడానికి గానీ ఏమీ మిగలదు. అంటే ఇచ్చే బంధువు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేడు. బీజర్ లాంటివాళ్ళు లైసెన్సు రాసి మరీ ఊరికే ఇవ్వడం వెనక ఉన్నది దానధర్మం ఒక్కటే అనుకోను. పుస్తకం చదివినవాడి చేతిలో మిగలాలి అన్న పట్టుదల కూడా ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వం 2011 నుంచి ప్లస్ టూ పిల్లలకు ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది, మంచి పని. అయినా మన ఇళ్ళలో చాలా చోట్ల ఫోన్ ఒకటే, అది నాన్నతో పాటు పనికి పోయి రాత్రికి వస్తుంది. డేటా కొంత తమ్ముడి ఆటకు పోతుంది. అందుకే అన్న పుస్తకం పి.డి.ఎఫ్.ను జెరాక్స్ అంగట్లో కూడా ఇచ్చాడు. కాగితం మీద చుక్క జరగదు. దాని బదులు అయిదు మట్టాల దగ్గర చెరువు బొమ్మలు పక్కపక్కన ఉంటాయి, సూచనలన్నీ పుస్తకం చివర ఉంటాయి. పేజీలు తిప్పి చివరికి పోయేలోపల ఇంకొంచెం ఆలోచిస్తారని పెద్దమ్మ సంతోషం.

ఇక భాష. ఇక్కడ తెలుగు మీడియంలో చదివి కాలేజీకి పోయేవాళ్ళకు మొదటి ఆరు నెలలు లెక్కలకంటే లెక్కల ఇంగ్లీషే బరువు. ఇది కొత్త కష్టమేమీ కాదు. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 11వ శతాబ్దం మాట అంటారు. లెక్కలు మన భాషలో ఉండాలని అప్పుడే ఒకాయనకు అనిపించింది. 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమీ పెట్టి ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వేశారు. ఫంక్షన్ ప్రమేయమైంది, మేట్రిక్స్ మాత్రికైంది, లిమిట్ అవధి అయింది. ఆ పుస్తకాలు మన సరిహద్దు ఇవతల కాలేజీల్లో వాడరు. ఆన్‌లైన్ పుస్తకంలో ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషు పదం మీద వేలు పెడితే పక్కన తెలుగూ తమిళమూ కనపడేట్టు చేయొచ్చు. పాఠం ఇంగ్లీషులోనే సాగుతుంది, పరీక్ష అందులోనే కాబట్టి. మధ్యలో తడబడినవాడికి మాత్రం అమ్మ మాట అందుతుంది. జవాబు బటన్ గురించి అంత వాదన జరిగింది గానీ, ఈ బటన్ గురించి ఇంట్లో ఎవరూ వాదించలేదు.

ఆ పట్టికలో తెలుగు వైపు అన్న నాకు అప్పజెప్పాడు. చాలా పదాలు అకాడమీవే ఉంచాను. లిమిట్ దగ్గర ఆగాను. అవధి అంటే మన పిల్లలకు గడువు గుర్తొస్తుంది. తమిళ పుస్తకంలో అదే పదానికి ఎల్లై అని ఉంది. పొలానికి ఎల్ల అని మా తాత అంటాడు, ఊరికి ఎల్ల అని అందరం అంటాం. ఒక అంకె వైపు దగ్గర దగ్గరగా జరిగిపోవడానికి ఆ మాట చక్కగా అతుకుతుంది. ఇటువాళ్ళకూ అటువాళ్ళకూ ఒకేసారి అర్థమవుతుంది. అవధి పక్కన 'ఎల్ల' కూడా రాసి పంపాను. ఉంచుతాడో, పుస్తకాల్లో లేదని తీసేస్తాడో, వచ్చే అధ్యాయంలో చూడాలి.